ఒక కాగితం, ఒక నల్ల పెన్ను, వీధి చివర జెరాక్స్ షాపు: మీ మొదటి కామిక్ జీన్ చేసుకోవడం ఎలా?

ముందు ఒక ఏ4 కాగితం తెచ్చుకోండి. తెల్లదే కానక్కర్లేదు, ఆఫీసులో ఒకవైపు ప్రింటు తీసి పారేసిందైనా పర్వాలేదు. ఇది చదవడం అయ్యేలోపు ఆ కాగితం ఎనిమిది పేజీల పుస్తకం అవుతుంది. మడతలు నేను చెబుతాను, బొమ్మలు మీరు వేయాలి.

ఇలాంటి పుస్తకాన్ని జీన్ అంటారు. మ్యాగజీన్ అన్న మాటలో చివరి ముక్క అది, తొడుక్కునే జీన్స్‌కీ దానికీ చుట్టరికం లేదు. రాసేదీ, బొమ్మలేసేదీ, కాపీలు తీయించేదీ, పిన్ను కొట్టేదీ, పంచేదీ ఒకే మనిషి. ఎడిటరు ఉండడు, కాబట్టి తిరుగుటపాలో వెనక్కి రావడమూ ఉండదు. మనవాళ్ళకి ఇది మరీ తెలియని పనేం కాదు. హాస్టళ్ళలో, ఊరి గ్రంథాలయాల్లో లిఖిత పత్రికలు నడిపిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఒకే ఒక్క ప్రతి చేత్తో రాసి, బొమ్మలేసి, చేతులు మారుస్తూ చదివించేవాళ్ళు. 1965లో దిగంబర కవులనే ఆరుగురు తిరుగుబాటు కవులు సొంతంగా వేసుకున్న తొలి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి పూట ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. పెద్దల పీఠికలు, సన్మాన సభలు అక్కర్లేదని అప్పుడే తేల్చేశారు. వాళ్ళ దగ్గర లేనిదీ మన దగ్గర ఉన్నదీ ఒకటే: ప్రతి సందులోనూ జెరాక్స్ మిషను.

ముందు మడత నేర్చుకోండి

కాగితాన్ని పొడుగు అంచు మీ వైపు ఉండేలా బల్ల మీద పెట్టండి. పొడుగు అంచులు రెండూ కలిసేలా ఒకసారి మడిచి, గోటితో గట్టిగా రుద్ది, విప్పేయండి. తర్వాత పొట్టి అంచులు కలిసేలా మడిచి విప్పండి. ఆ పొట్టి అంచులు రెంటినీ మధ్య గీత దాకా తెచ్చి మళ్ళీ మడిచి విప్పండి. ఇప్పుడు పైన నాలుగు, కింద నాలుగు, మొత్తం ఎనిమిది గళ్ళు కనబడాలి. ఒక్కో గడి సుమారు 74 మిల్లీమీటర్ల వెడల్పు, 105 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. చొక్కా జేబులో పట్టేంత.

పొట్టి అంచులు కలిసేలా మళ్ళీ సగానికి మడవండి. మడత ఉన్న వైపు నుంచి కత్తెర పెట్టి, మధ్యలో అడ్డంగా వెళ్ళే గీత వెంట, ఎదురొచ్చే మొదటి నిలువు గీత దాకా కత్తిరించి ఆగండి. అది దాటితే పుస్తకం రెండు ముక్కలయ్యే ప్రమాదం ఉంది. విప్పితే కాగితం నడుమ ఒక చీలిక ఉంటుంది, అంచులు మాత్రం ఎక్కడా తెగవు.

ఇప్పుడు పొడుగు అంచులు కలిసేలా మడిచి, రెండు చివర్లూ పట్టుకుని ఒకదానివైపు ఒకటి నెట్టండి. చీలిక నోరు తెరుస్తుంది. పైనుంచి చూస్తే కూడిక గుర్తులా నాలుగు రెక్కలు వస్తాయి. వాటిని ఒకవైపుకి తిప్పి మూసేస్తే పుస్తకం తయారు. జిగురు లేదు, పిన్ను లేదు. మొదటిసారి నేను దీన్ని నాలుగుసార్లు తప్పుగా మడిచాను. పక్కన కూర్చున్న ఎనిమిదేళ్ళ మేనకోడలు ఒక్కసారికే చేసి చూపించింది.

మూసిన పుస్తకం మీద పెన్సిలుతో 1 నుంచి 8 దాకా అంకెలు వేసి, పూర్తిగా విప్పేయండి. కింది వరసలో ఎడమ నుంచి 6, 7, 8, 1 ఉండాలి. పై వరసలో 5, 4, 3, 2 తలకిందులుగా ఉండాలి. వేరేలా వస్తే రెక్కల్ని అవతలివైపు తిప్పారన్నమాట, మళ్ళీ మూసి చూడండి. ఈ అంకెల కాగితాన్ని ప్రెస్సువాళ్ళ భాషలో డమ్మీ అంటారు. చివరిదాకా దాన్ని పక్కనే పెట్టుకోండి.

గీసే ముందు కొన్ని చదవండి

"నాకు బొమ్మలు రావు" అనేవాళ్ళ కోసం మొదటి పేరు హార్వీ పీకార్. అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే ఊళ్ళో, మాజీ సైనికుల ఆసుపత్రిలో ఫైళ్ళు సర్దే గుమాస్తా. 1976 నుంచి 'అమెరికన్ స్ప్లెండర్' అనే కామిక్‌ని సొంత డబ్బుతో అచ్చేసుకున్నాడు. బొమ్మలు గీయడం ఆయనకు రాదు. గళ్ళు గీసి, అందులో పుల్లల మనుషుల్ని నిలబెట్టి, మాటలు రాసి, గీసేవాళ్ళకి ఇచ్చేవాడు. కథలంటే ఏముంటాయి? ఆఫీసు కబుర్లు, కిరాణా కొట్లో క్యూ, చలికి స్టార్టవని కారు. అందులో చూడాల్సింది మాట. ఎదుటి మనిషి ఎలా మాట్లాడాడో అలాగే, ఏమీ దిద్దకుండా పెట్టాడు. ఆయనకి మొదట్లో బొమ్మలేసిన స్నేహితుడు రాబర్ట్ క్రంబ్ సంగతి ఇంకోటి. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తన 'జాప్ కామిక్స్' మొదటి సంచికని పసిపిల్లల తోపుడుబండిలో పెట్టుకుని వీధిలో అమ్మారు.

బొమ్మ ఎంత తక్కువగా ఉన్నా సరిపోతుందో తెలియాలంటే జాన్ పోర్సెలీనో చూడండి. 1989 నుంచి 'కింగ్-క్యాట్' పేరుతో జెరాక్స్ తీసి పంచుతున్నాడు. ఒక గీత ఇల్లు, ఒక గీత చెట్టు, మధ్యలో బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలోనే కథంతా ఉంటుంది. దీనికి పూర్తిగా ఎదురు దారి కెనడాలో మాంట్రియాల్‌కి చెందిన జూలీ డూసే. పేజీలో సూది మోపే చోటు కూడా వదలదు. 1988లో ఇంట్లో చేసుకున్న చిన్న జీన్‌తో మొదలుపెట్టిన ఆమెకి 2022లో ఫ్రాన్స్‌లోని అంగులేమ్ కామిక్స్ ఉత్సవం అత్యున్నత పురస్కారం ఇచ్చింది.

మన దేశంలో రెండు తప్పనిసరి. నర్మద ఆనకట్టల మీద ఓరిజిత్ సేన్ 1994లో చేసిన 'రివర్ ఆఫ్ స్టోరీస్' ఒకటి. చాలాకాలం దొరకని ఆ పుస్తకాన్ని 2022లో చెన్నైకి చెందిన బ్లాఫ్ట్ అనే చిన్న ప్రచురణ సంస్థ మళ్ళీ వేసింది. రెండోది 2011లో నవయాన అనే ప్రచురణ సంస్థ వేసిన 'భీమాయన'. అంబేడ్కర్ జీవితాన్ని గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీశారు. దీన్ని కథ కోసం ఒకసారి చదివాక, మాటల బుడగల కోసం ఇంకోసారి తిరగేయండి. మెత్తని మనుషుల మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి. కులం విషం కక్కే మాటలకి తేలు కొండి ఉంటుంది. గళ్ళు కూడా గీటు పెట్టి గీసినవి కావు, గోడల మీద ముగ్గులా వంకర్లు తిరుగుతాయి. కామిక్ అంటే చతురస్రాలే అనుకునే మన బుర్రకి అది మంచి మందు.

ఇంకొకటి పుస్తకం కాదు, పద్ధతి. శరద్ శర్మ మొదలుపెట్టిన వరల్డ్ కామిక్స్ ఇండియా వాళ్ళు ఊళ్ళలో జనానికి గోడ కామిక్ నేర్పుతారు. రెండు ఏ4 కాగితాలు అతికించి, నాలుగే గళ్ళు. జెరాక్స్ తీసి టీ కొట్టు దగ్గరా, బస్టాపులోనూ అంటిస్తారు. నాలుగు గళ్ళలో చెప్పలేని కథ ఎనిమిది పేజీల్లోనూ కుదరదని నా నమ్మకం, అందుకే ముందు ఆ నాలుగు గళ్ళతో కుస్తీ పట్టమంటాను.

కథ: మీ కళ్ళముందు జరిగిందే

సూపర్‌హీరో వద్దు. అతన్ని గీయడానికి జీతాలిచ్చే కంపెనీలు వేరే ఉన్నాయి. మీ వీధిలో, మీ బస్సులో, మీ ఇంట్లో జరిగిన ఒక్క సంఘటన తీసుకోండి. పది నిమిషాల్లో జరిగిపోయినదైతే మరీ మంచిది. నా మొదటి జీన్ పేరు 'కర్చీఫ్'. ఆర్టీసీ బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం గురించి. పేజీల వారీగా ఇలా కుదిరింది:

1. అట్ట. ఖాళీ సీటు మీద ఒక చారల కర్చీఫ్.
2. బస్సు స్టాండులోకి తిరుగుతోంది. జనం పరుగు.
3. కిటికీలోంచి ఒక చెయ్యి, గాల్లో కర్చీఫ్. "హమ్మయ్య!"
4. సీటు మీద రెండు కర్చీఫులు. ఒకటి చారలది, ఒకటి గళ్ళది.
5. ఇద్దరు మగాళ్ళు ముఖాముఖి. వాదన.
6. సీట్లో ఒక అవ్వ. ఒళ్ళో బుట్ట, బుట్ట మీద మడతపెట్టిన రెండు గుడ్డలు.
7. ఇద్దరూ పైకడ్డీ పట్టుకుని పక్కపక్కనే నిలబడి, కిటికీలోంచి బయటికి చూస్తూ.
8. వెనకట్ట. అవ్వ చారల కర్చీఫ్‌తో మొహం తుడుచుకుంటోంది. మాటల్లేవు.

ఇందులో ఒక తప్పు చేసి దిద్దుకున్నాను, అది మీకు పనికొస్తుంది. మొదటి డమ్మీలో అవ్వని ఐదో పేజీలో పెట్టి, వాదనని నాలుగులో పెట్టాను. నాలుగూ ఐదూ ఎదురెదురు పేజీలు, తెరవగానే రెండూ ఒకేసారి కంటబడతాయి. వాదన చదవకముందే అవ్వ కనబడిపోయింది, నవ్వు కాస్తా చచ్చింది. కాబట్టి ఆశ్చర్యం ఏదైనా పేజీ తిప్పాక రావాలి, అంటే 2, 4, 6 పేజీల్లో. వెనకట్టని జనం ముందే చూసేస్తారు, అందుకే అక్కడ రహస్యం దాచలేదు. కథ తెలియనివాళ్ళకి అది మొహం తుడుచుకుంటున్న ముసలావిడ బొమ్మ, అంతే.

రంగులు ఉండవు కాబట్టి నీలం కర్చీఫ్, ఎర్ర కర్చీఫ్ అనుకుంటే కుదరదు. అందుకే చారలూ గళ్ళూ. మనుషుల్నీ అలాగే విడదీయండి. ఒకడికి మీసం, ఇంకొకడికి బట్టతల. మొహం బాగా గీయడం రాకపోయినా ఎవరు ఎవరో పాఠకుడికి తెలిసిపోతుంది.

తెలుగు అక్షరాలతో కుస్తీ

ఇంగ్లీషు కామిక్ చూసి నేర్చుకున్నవాళ్ళు బోర్లాపడేది ఇక్కడే. వాళ్ళవన్నీ పెద్దబడి అక్షరాలు (క్యాపిటల్స్), ఒకే ఎత్తు, ఇటుకల్లా పేర్చుకోవచ్చు. మన అక్షరం మూడంతస్తుల మేడ. పైన గుడీ ఏత్వమూ, నడుమ అక్షరం, కింద ఒత్తు. నడుమ అక్షరానికి 3 మిల్లీమీటర్లు ఇస్తే, వరసకి వరసకి మధ్య కనీసం 7 మిల్లీమీటర్లు వదలాలి. లేకపోతే పై వరసలోని ఒత్తు కింది వరసలోని గుడిని గుద్దుతుంది, "స్త్రీ" అన్న మాట ఈగ వాలినట్టు కనబడుతుంది.

అందుకని ముందు మాటలు రాయండి, తర్వాత చుట్టూ బుడగ గీయండి. బుడగ గీసి అందులో మాటలు కుక్కితే చివరి రెండక్షరాలు ఎప్పుడూ చీమతలకాయలే అవుతాయి.

మన మాటల పొడవు ఇంకో తంటా. 74 మిల్లీమీటర్ల పేజీలో "కూర్చోబోతున్నప్పుడల్లా" అనే మాట ఒక్కటే వరసంతా తినేస్తుంది. మందు ఒకటే, నోటితో పలికినట్టు రాయడం. నా కర్చీఫ్ మనిషి మొదట ఇలా అన్నాడు: "నేను ముందుగానే నా చేతిరుమాలు వేసి ఉంచాను కదండీ." బయటికి చదివితే దూరదర్శన్ నాటకంలా ఉంది. రెండోసారి: "నా కర్చీఫ్ ముందే వేశాను కదా." మూడోసారి: "కర్చీఫ్ కనబళ్ళేదా?" అదే ఉంచాను. అవతలివాడి జవాబు ఇంకా చిన్నది: "ఏ కర్చీఫ్?" మీ ఊళ్ళో ఎలా అంటే అలాగే రాయండి. కరీంనగర్ బస్సులో "జర జరుగన్నా" అనే మనిషి చేత "కొంచెం జరగండి" అనిపిస్తే కథ అక్కడే అబద్ధమైపోతుంది.

అరుపు చూపించడానికి మనకి పెద్దబడి లేదు, కాబట్టి అక్షరాన్ని పెద్దది చేయండి, లావు చేయండి, దీర్ఘం సాగదీయండి: "ఒరేఏఏయ్". ఇక చప్పుళ్ళ విషయంలో తెలుగువాడికి ఉన్న ఆస్తి ఎవరికుంది? "బూమ్", "క్రాష్" అని ఎందుకు అప్పు తెచ్చుకోవాలి! బస్సు బర్రుమంటుంది, తలుపు ధడాలుమంటుంది, వాన టపటపా మొదలై ధారగా మారుతుంది, దోమ జుయ్యిమంటుంది, కండక్టరు చేతిలో చిల్లర గలగలలాడుతుంది. ఇవన్నీ బొమ్మలో భాగంగా గీయండి, బుడగలో కాదు.

గీయడం, సిరా పెట్టడం

జెరాక్స్‌కి ఇచ్చే అసలు కాగితాన్ని మడవకండి. మడత గీతలు జెరాక్స్‌లో బూడిదరంగు చారలై వస్తాయి. కొత్త తెల్లకాగితం మీద స్కేలుతో ఎనిమిది గళ్ళు లేతగా గీసి, డమ్మీ చూసుకుంటూ పేజీలు నింపండి. పై వరస వచ్చినప్పుడు కాగితాన్ని తిప్పి పెట్టుకుంటే తలకిందుల గొడవ ఉండదు. ప్రతి పేజీ చుట్టూ అర సెంటీమీటరు ఖాళీ ఉంచండి, కాగితం అంచుదాకా మిషను ముద్ర వేయదు.

పెన్సిలుతో గీసి, నల్ల జెల్ పెన్నుతో దిద్ది, పూర్తిగా ఆరాక రబ్బరు పెట్టండి. ఆరకముందే రుద్దితే హీరో మొహం మసిబారుతుంది. బాల్‌పెన్ను గీత కాపీలో పలచబడుతుంది. పెన్సిలు నీడలు మచ్చలవుతాయి, నీడ కావాలంటే పెన్నుతో సన్నగీతలు పక్కపక్కన గీయండి. తప్పు పోతే వైట్‌నర్ పూయండి, లేదా ఇంకో ముక్క మీద సరిగ్గా గీసి పైన అతికించండి. అతుకు కాపీలో కనబడదు. ముక్క అంచు నీడ పడితే దాని మీద కూడా కాస్త వైట్‌నర్ పూస్తే సరి.

కంప్యూటరు వద్దా అని అడుగుతారు. రెండోదానికి వాడుకోండి. మొదటిది చేత్తో చేస్తే పూర్తవుతుంది, కంప్యూటర్లో చేస్తే ఫాంటు వెతకడం దగ్గరే ఆగిపోతుంది. చేతిరాత బాగాలేదన్న బెంగ కూడా వద్దు. 1976లో లండన్‌లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమాస్తా 'స్నిఫిన్ గ్లూ' అని పంక్ సంగీతం మీద జీన్ తెచ్చాడు. స్కెచ్ పెన్నుతో శీర్షికలు, కొట్టివేతలు కొట్టివేతల్లాగే ఉంటాయి. మొదట తీసినవి ఏ యాభయ్యో కాపీలు, ఈరోజుకీ దాని గురించి మాట్లాడుకుంటున్నారు.

జెరాక్స్ షాపులో

కాలేజీ పక్క షాపుకి పరీక్షల ముందు వెళ్ళకండి. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు వెళ్తే షాపతను తీరిగ్గా ఉంటాడు. ముందు ఒకే ఒక్క కాపీ తీయించి, అక్కడే మడిచి చూడండి. లేతగా ఉంటే కాస్త డార్క్‌గా పెట్టమనండి. మరీ డార్క్ పెడితే వైట్‌నర్ మచ్చలూ పెన్సిలు ఆనవాళ్ళూ తేలతాయి. పేజీలో నల్లగా నింపిన భాగం ఎక్కువుంటే తెల్లచుక్కలు పడతాయి, అది మిషను గుణం. నా బస్సు టైర్లన్నీ అలా వచ్చాయి. బురదనుకున్నారు చదివినవాళ్ళు, నేనూ అవునన్నాను.

అది సరిగ్గా వచ్చాకే ముప్పై కాపీలు చెప్పండి. మా వీధిలో ఒకవైపు కాపీ రెండు రూపాయలు, ముప్పైకి అరవై. మామూలు 75 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకి 75 గ్రాముల బరువు) కాగితమే దీనికి మంచిది, దళసరిదైతే మడత పగులుతుంది. లేతరంగు కాగితం ఉందేమో అడగండి. లేత పసుపు మీద నల్ల గీత చాలా బాగుంటుంది. ఇంటికొచ్చి మడతలు, కత్తిరింపులు. ముప్పై మడవడానికి ఒక సినిమా పడుతుంది.

పదహారు పేజీలు కావాలంటే

ఇది రెండో జీన్‌కి. నాలుగు ఏ4 కాగితాలు సగానికి మడిచి ఒకదానిలో ఒకటి దూర్చితే ఏ5 సైజులో 16 పేజీలు వస్తాయి. పేజీల సంఖ్య ఎప్పుడూ నాలుగు పెట్టి భాగించేలా ఉండాలి. ఒకే కాగితం మీద ఒకే వైపు పక్కపక్కన పడే రెండు పేజీల అంకెలు కూడితే 17 రావాలి: 16, 1; 2, 15; 14, 3. అలా చివరికి 8, 9 దాకా. ఇది గుర్తుంటే డమ్మీ తప్పదు.

రెండువైపులా తీయాలి కాబట్టి "బ్యాక్ టు బ్యాక్" అంటారు షాపులో. ఆ మాట చెప్పి ఊరుకుంటే చాలదు. నేను ఊరుకున్నాను. వెనకవైపు పేజీలన్నీ తలకిందులుగా పడ్డాయి, ఇరవై పుస్తకాల కాగితం చిత్తయింది. తప్పు నాదే, డమ్మీ ఇంట్లో పెట్టి వెళ్ళాను. డమ్మీ చేతికిచ్చి, "ఇలా రావాలి అన్నా" అని చూపించి, ఒక్క సెట్టు తీయించి చూసుకోండి.

పిన్ను సంగతి. మామూలు స్టేప్లరు చెయ్యి పుస్తకం నడుము దాకా అందదు. పొడుగుచెయ్యి స్టేప్లరు బైండింగు షాపుల్లో ఉంటుంది. లేకపోతే పుస్తకాన్ని తెరిచి అట్టవైపు పైకి ఉండేలా అట్టపెట్టె ముక్క మీద పరచండి. స్టేప్లరుని పూర్తిగా విప్పి, మడత గీత మీద గుచ్చండి. పుస్తకాన్ని మెల్లగా పైకి లేపి, లోపలివైపు వచ్చిన పిన్ను కాళ్ళని చెంచా వెనకభాగంతో వంచేయండి. నాకు మాత్రం సూదీదారమే ఇష్టం. మడత మీద మూడు చిల్లులు, లోపల మధ్య చిల్లులోంచి బయటికి, పై చిల్లులోంచి లోపలికి, కింది చిల్లులోంచి బయటికి, మళ్ళీ మధ్యలోంచి లోపలికి. రెండు కొసలూ లోపలున్న పొడుగు దారానికి చెరోవైపు వచ్చేలా పెట్టి ముడి వేస్తే ఏళ్ళ తరబడి ఊడదు.

ముప్పై కాపీలు ఎవరికి?

వెనకట్ట అడుగున మీ పేరు, ఊరు, నెల, సంవత్సరం, ధర వేయండి. ఫోను నంబరు వేయొద్దు, ఒక మెయిల్ ఐడీ చాలు. పది కాపీలు స్నేహితులకి, పది మార్పిడికి, పది అమ్మకానికి. మార్పిడి అంటే మీది ఇచ్చి వాళ్ళది తీసుకోవడం. జీన్లు చేసేవాళ్ళలో ఇది మర్యాద, డబ్బు అడగడం కన్నా ఇదే సులువు. హైదరాబాద్ కామిక్ కాన్ అనే కామిక్స్ ఉత్సవంలో స్వతంత్రంగా బొమ్మలేసేవాళ్ళ బల్లలు వేరే ఉంటాయి. పెద్ద స్టాళ్ళ రద్దీ దాటుకుని ముందు అక్కడికి వెళ్ళండి. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కీ, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికీ సంచిలో పది వేసుకెళ్ళినా బరువుండదు. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ళకి ఒకటి ఇచ్చి చూడండి. నాదొకటి అలా ఇస్తే, ఆయన తిరగేసి, నవ్వి, అమ్మకానికి పెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు.

దూరంగా ఉన్నవాళ్ళకి పోస్టులో పంపండి. ఒక ఏ4 కాగితం బరువు ఐదు గ్రాముల లోపే. రెండు జీన్లు, ఒక చిన్న ఉత్తరం కలిపి మామూలు కవర్లో పెట్టినా ఉత్తరాల కనీస స్టాంపు ధరకి ఉండే 20 గ్రాముల హద్దు దాటవు. డల్లాస్‌లో ఉన్న పిన్నికి వాట్సాప్‌లో ఫోటో తీసి పంపితే ఒక గుండె గుర్తు వస్తుంది. స్కాన్ చేసి, ప్రింటు తీసుకుని మడుచుకోమని ఈ మడతలు చెప్పండి. వీడియో కాల్‌లో కత్తెర పట్టుకుని కూర్చుంటుంది.

అసలు కాగితాన్ని మాత్రం ఎంత దగ్గరివాళ్ళడిగినా ఇవ్వకండి. మడవకుండా ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టి, పరుపు కింద దాచండి. ముప్పై అయిపోయాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, కాపీ మీద కాపీ తీస్తే అవ్వ మొహం మసిమసిగా వస్తుంది.